‘కడుపుబ్బ’ కాక ఇంకేమనాలి: నవ్వించే పుస్తకానికి తగిన మాట

అందరికీ నమస్కారం.

పుస్తక సమీక్షలు రాసేవాళ్ళు, ప్రచురణ సంస్థల్లో అట్ట వెనక నాలుగు ముక్కలు రాసేవాళ్ళు, గ్రంథాలయంలో ఎవరైనా వచ్చి "మంచి నవ్వొచ్చే పుస్తకం ఒకటివ్వండి" అంటే ఏదివ్వాలో తేల్చుకోవాల్సినవాళ్ళు ఇవాళ ఈ గదిలో ఉన్నారు. ముగ్గురికీ ఇబ్బంది ఒకటే. పుస్తకం చదువుతున్నంతసేపూ నవ్వలేక చచ్చాం. తీరా దాని గురించి ఒక వాక్యం రాయబోతే చేతికి తగిలేవి రెండే మాటలు: "హాస్యభరితం", "కడుపుబ్బ నవ్విస్తుంది". ఈ రెండూ ఎన్నెన్నో అట్టల మీద కూర్చుని అరిగిపోయాయి. పాఠకుడి కన్ను వాటి మీద ఆగదు. ఆగినా నమ్మదు.

తెలుగులో ఈ పనికి విశేషణం వెతకడం దండగ, క్రియ వెతకండి. ఇవాళ చెప్పదలచుకున్నదంతా దీని చుట్టూనే తిరుగుతుంది. మన భాషలో నవ్వుకు సంబంధించిన సొత్తంతా క్రియల్లోనూ, క్రియకు ముందు వచ్చే చిన్న చిన్న మాటల్లోనూ ఉంది. ఫక్కున, కిసుక్కున, గొల్లున, పగలబడి, విరగబడి, పడీపడీ, ముసిముసిగా. "హాస్యభరితం" అనగానే ఆ సొత్తంతా పెట్టెలో పెట్టి తాళం వేసినట్టే. ఏ నవ్వో, ఎవరి నవ్వో, ఎవరి మీద నవ్వో ఏమీ తెలియదు. సంచీ నిండుగా ఉందని చెప్పి, అందులో బియ్యమో ఊకో చెప్పనట్టు.

ముందు ఒక పెద్ద ప్రమాదం దాటుకుందాం. ఈమధ్య సమీక్షల్లో, ముఖ్యంగా ఇంగ్లీషు నుంచి హడావిడిగా తెచ్చిన వాటిలో, "ఇది చాలా హాస్యాస్పదమైన పుస్తకం" అని మెచ్చుకోలుగా రాస్తున్నారు. అది మెచ్చుకోలు కాదు, తిట్టు. ఆస్పదం అంటే తావు, చోటు. అనుమానాస్పదం అంటే అనుమానానికి తావిచ్చేది, వివాదాస్పదం అంటే వివాదానికి తావిచ్చేది. అలాగే హాస్యాస్పదం అంటే నలుగురూ చూసి నవ్వడానికి తావిచ్చేది. ఆ వాదన హాస్యాస్పదం, ఆ సాకు హాస్యాస్పదం అంటాం. రచయిత నవ్వించాడని చెప్పబోయి, రచయితే నవ్వులపాలయ్యాడని చెప్పేస్తున్నారు. అచ్చులోకి వెళ్ళేముందు ఈ ఒక్క మాట కోసం పేజీ అంతా వెతికి చూసుకోండి.

ఇలా ఎందుకు జరుగుతుందంటే, తెలుగులో నవ్వుకు రెండు ముఖాలున్నాయి. నగు అనేది పాత ధాతువు. కన్నడంలో నగు, తమిళంలో నగై, అన్నీ చుట్టాలే. ఆ ఒక్క నగు నుంచే మనకు నగుమోమూ వచ్చింది, నగుబాటూ వచ్చింది. ఒకటి దేవుడి ముఖానికి పెట్టే మాట, రెండోది పరువు పోయినవాడికి పెట్టే మాట. నవ్వు నాలుగు విధాల చేటన్న సామెతా మనదే, నవ్విన నాపచేనే పండుతుందన్న సామెతా మనదే. అంచేత నవ్వు మాట వాడిన ప్రతిసారీ అది ఏ వైపుకు ఒరుగుతోందో చూసుకోవాలి. హాస్యం మంచిది, అపహాస్యం చెడ్డది. ప్రహసనం దశరూపకాల్లో, అంటే సంస్కృత నాటకశాస్త్రం చెప్పిన పది రకాల నాటకాల్లో ఒకటి, గౌరవమైన ప్రక్రియ. వీరేశలింగం గారి కాలంలో సంఘ సంస్కరణకు అదొక పనిముట్టు. కానీ ఇవాళ పత్రికలో "విచారణ ప్రహసనంగా మారింది" అంటే అదొక బూటకం అని అర్థం. కాబట్టి నవలను పట్టుకుని "ఇదొక గొప్ప ప్రహసనం" అంటే సగం మంది తప్పుగా అర్థం చేసుకుంటారు. నాటకమైతే, రంగస్థలం కోసం రాసినదైతే, ఆ మాట నిక్షేపంగా వాడండి.

ఇంకొకటి, వ్యంగ్యం. చాలామంది యకారం మింగేసి "వ్యంగం" అని రాస్తారు. అది వేరే మాట. వ్యంగం అంటే అంగంలో లోపం. భరతుడు నాట్యశాస్త్రం ఆరో అధ్యాయంలో హాస్యరసం పుట్టడానికి కారణాలు చెబుతూ వికృతమైన వేషం, అలంకారం, ధార్ష్ట్యం (సిగ్గులేని తెగింపు), లౌల్యం (ఆశపోతుతనం), అసత్ప్రలాపం (పొంతనలేని వాగుడు) వంటి వాటితో పాటు "వ్యంగదర్శనం" అని కూడా చేర్చాడు. అంటే ఎదుటివాడి అవయవ లోపాన్ని చూపించి నవ్వించడం. వ్యంగ్యం అంటే సూచించబడేది, పైకి చెప్పకుండా లోపల ధ్వనించే అర్థం. ధ్వని సిద్ధాంతం వాళ్ళ మాట అది. ఇవాళ మనం దాన్ని సెటైర్ అనే అర్థంలో వాడుతున్నాం, అదీ స్థిరపడిపోయింది, తప్పులేదు. కానీ ఒక్క య ఒత్తు పోతే మీరు రచయితకు కట్టబెడుతున్నది వేరే నేరం.

ఇక క్రియల దగ్గరికి వద్దాం, అసలు సరుకు అక్కడుంది.

నవ్వాను, నవ్వొచ్చింది, నవ్వుకున్నాను, నవ్వించాడు, నవ్వు ఆగలేదు. ఈ ఐదూ ఐదు వేర్వేరు సమీక్షలు. "నాకు నవ్వొచ్చింది" అంటే నా ప్రమేయం లేదు, అదే వచ్చింది. దగ్గు వచ్చినట్టు, తుమ్ము వచ్చినట్టు. పుస్తకానికి ఇంతకన్నా సహజమైన మెప్పు లేదు. "నవ్వుకున్నాను" అన్నప్పుడు ఆ ‘కొను’ వల్ల నవ్వు లోపలికి తిరుగుతుంది. ఒక్కడే కూర్చుని, పుస్తకం మూసి, వేలు ఆ పేజీలోనే ఉంచి, కాసేపు తనలో తాను నవ్వడం. నెమ్మదిగా తలకెక్కే చమత్కారానికి ఇది సరైన క్రియ. "నవ్వించాడు" అంటే రచయిత కష్టం కనబడుతోంది. కొన్ని పుస్తకాలకు అది నిజమే, మనల్ని నవ్వించాలని కంకణం కట్టుకుని ఉంటాయి. "నవ్వు ఆగలేదు" అన్నది పరిమాణం గురించిన మాట. మొదలైంది నవ్వే, కానీ అదుపు తప్పింది.

మరి "నవ్వించే ప్రయత్నం చేశారు"? తెలుగు సమీక్షల్లో దీనికి అందరికీ తెలిసిన అర్థం ఒకటే: నవ్వు రాలేదు. మొహమాటం కొద్దీ అలా రాస్తాం. తెలియకుండా దీన్ని మంచి పుస్తకానికి వాడితే ఆ పుస్తకాన్ని ముంచినట్టే. "సున్నితమైన హాస్యం" అన్నది కూడా అదే దారిలో పోతోంది. నిజంగా సున్నితమైన వాటికి వాడండి. నవ్వు తక్కువైన చోట కప్పిపుచ్చడానికి వాడకండి.

ఇప్పుడు నవ్వు శరీరంలోంచి బయటికొచ్చే తీరు. ముసిముసి నవ్వులో పెదవులు విడవవు, ఏదో రహస్యం తెలిసిన నవ్వు అది. కిసుక్కుమనడం అంటే ఆపుకుందామనుకుంటే ముక్కులోంచి తప్పించుకున్న నవ్వు. బస్సులో, క్లాసులో, పెద్దవాళ్ళ ముందు చదువుతున్నప్పుడు వచ్చేది ఇదే. ఫక్కున నవ్వడంలో ముందు సూచన ఉండదు, వాక్యం చివరి మాట చదవగానే ఒక్కసారిగా పేలుతుంది. గొల్లుమనడం ఒక్కడి వల్ల కాదు, దానికి గుంపు కావాలి. పైగా ఆ మాట ఏడుపుకూ వాడతాం, అందుకని "చదివి గొల్లుమన్నాం" అని ఊరికే రాస్తే అయోమయం, "గొల్లున నవ్వాం" అని పూర్తిగా రాయాలి. కిలకిల పిల్లల నవ్వు, తేలిక నవ్వు. ఇకిలించడం, సకిలించడం నవ్వేవాణ్ణి కించపరిచే మాటలు, సమీక్షలో వాటికి చోటు లేదు.

పగలబడి, విరగబడి అన్నవి చూడండి. పగులు, విరుగు. పొట్ట చెక్కలవడం. తెగ నవ్వడం, అందులోనూ తెగు ఉంది. తెలుగువాడి పెద్ద నవ్వులన్నీ ఏదో ఒకటి బద్దలు కొడతాయి. చెట్టు విరగకాసింది అంటాం కదా, కాపు బరువుకి కొమ్మలు విరిగేటంతగా కాసిందని. విరగబడి నవ్వడంలో ఉన్నదీ అదే బరువు, నవ్వు మోయలేక మనిషి వంగిపోవడం. ఆ బొమ్మ మనసులో ఉంచుకుని వాడితే మాటకు ప్రాణం ఉంటుంది. చిరునవ్వు పుస్తకానికి "విరగబడి" అంటించామా, కాపు లేని చెట్టుకు ఊతకర్ర కట్టినట్టు ఉంటుంది.

కడుపుబ్బ కూడా చెడ్డ మాటేమీ కాదు. కడుపు ఉబ్బేటట్టు అని. గాలి పీల్చుకోవడానికి వీల్లేకుండా నవ్వితే పొట్ట బిగదీసుకుపోతుంది, ఆ అనుభవం నిజం. చిక్కు ఎక్కడంటే, దాని ముందు "చాలా" పెట్టడం, "ఎంతో కడుపుబ్బ" అనడం. అది ఇప్పటికే చివరి మెట్టు, దాని మీద ఇంకో మెట్టు లేదు. "కడుపుబ్బరంగా నవ్వాం" అని రాసేవాళ్ళూ ఉన్నారు. కడుపుబ్బరం అజీర్తి వ్యాధి, దానికి వాము నీళ్ళు తాగాలి.

ఈ మెట్ల సంగతి భరతుడు ఎప్పుడో తేల్చాడు. హాసాన్ని ఆరు రకాలుగా విడదీశాడు. స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం. స్మితంలో చెక్కిళ్ళు కొంచెం వికసిస్తాయి, పళ్ళు కనబడవు. హసితంలో పళ్ళు కొద్దిగా కనబడతాయి. విహసితంలో మధురమైన చప్పుడు చేరుతుంది. ఉపహసితంలో ముక్కుపుటాలు ఉబ్బుతాయి, చూపు వంకరపోతుంది, తల, భుజాలు వంగుతాయి. అపహసితంలో కళ్ళనీళ్ళు వస్తాయి, భుజాలు, తల అదురుతాయి, వేళకాని వేళ నవ్వడం అది. అతిహసితంలో గొంతు పెద్దదై, కళ్ళ నిండా నీళ్ళు నిండి, మనిషి చేతులతో పక్కలు పట్టుకుంటాడు. మొదటి రెండూ ఉత్తమ పాత్రలకు, నడిమి రెండూ మధ్యములకు, చివరి రెండూ అధములకు అన్నాడు. ఇవాళ మనం పుస్తకానికి ఇచ్చే అత్యున్నత ప్రశంస ఆయన లెక్కలో అట్టడుగు మెట్టు. ఆ ఉత్తమాధమాల విభజన మనకు అక్కర్లేదు, వదిలేద్దాం. కానీ ఆయన చూసిన చూపు మాత్రం సమీక్షకుడికి పనికొస్తుంది. ఎంత నవ్వు అని ఆయన కొలవలేదు. చెక్కిలి, పన్ను, ముక్కు, భుజం, కన్ను, పక్క, ఏది కదిలిందో చూశాడు.

దీన్నే చదివేటప్పుడు ఆచరణలో పెట్టొచ్చు. పెన్సిలు చేతిలో ఉంచుకోండి. నవ్వొచ్చిన ప్రతిచోటా మార్జిన్‌లో ఒక్క అక్షరం. చిరునవ్వుకు చి, లోలోపల నవ్వుకు లో, కిసుక్కున అయితే కి, ఫక్కున అయితే ఫ, ఆగకుండా వస్తే ఆ. గ్రంథాలయం పుస్తకమైతే మీద రాయకండి, చీటీ మీద పేజీ నంబరు వేసి పక్కన అక్షరం వేసుకోండి. రెండువందల పేజీల పుస్తకం అయ్యేసరికి మీ దగ్గర ఒక పటం తయారవుతుంది. అంతా చి, లో ఉండి నాలుగైదు ఫ లు ఉంటే అది కడుపుబ్బ పుస్తకం కాదు. "లోలోపల నవ్వుకుంటూ పోతుంటే మధ్యమధ్య ఫక్కుమనిపిస్తుంది" అని రాస్తే అక్షరాలా నిజం. ‘ఆ’లు అన్నీ మొదటి అరవై పేజీల్లోనే గుంపుగా ఉండి తర్వాత ఖాళీ అయితే "ఆద్యంతం నవ్వులే" అని రాయకూడదు. "మొదటి మూడోవంతు నవ్వాగదు, తర్వాత కథ బరువెక్కుతుంది" అనాలి. నిజానికి ఆద్యంతం అన్న మాటను ఈ సందర్భంలో మానేయడమే మంచిది. మంచి హాస్య రచయిత కావాలనే మధ్యలో నవ్వు ఆపుతాడు. ఊపిరి తీసుకోనివ్వకపోతే తర్వాతి నవ్వు పేలదని అతనికి తెలుసు.

రెండోరోజు ఆ గుర్తులున్న చోట్లు మళ్ళీ చదవండి. ఇది తప్పకుండా చేయాల్సిన పని. కొన్ని నవ్వులు రెండోసారి రావు, అవి ఉలికిపాటు మీద ఆధారపడ్డవి. కొన్ని రెండోసారి ఇంకా ఎక్కువ వస్తాయి, ఎందుకంటే అవి మనిషి స్వభావం మీద నిలబడ్డాయి. ఆ మనిషి ఏం చేయబోతున్నాడో మనకు ముందే తెలుసు, అందుకే నవ్వు. మొదటి రకానికి "చమత్కారం", "మలుపు", "కొసమెరుపు" లాంటి మాటలు సరిపోతాయి. రెండో రకానికి పాత్ర పేరు చెప్పాలి. పాత్రను మించిన విశేషణం లేదు.

మూడోది, ఆ పుస్తకం చదవని ఒకరికి ఒక పేరా పైకి చదివి వినిపించండి. వాళ్ళకు నవ్వు రాకపోతే పుస్తకం తప్పని కాదు. దానికి ముందు తెలియాల్సింది ఏదో ఉంది. అదేమిటో మీ వాక్యంలోకి రావాలి. పేరడీ దీనికి మంచి ఉదాహరణ. జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి పేరడీలు చదివి పడీపడీ నవ్వాలంటే, ఆయన ఎవరి గొంతు పట్టుకున్నాడో ఆ కవులను ముందు చదివి ఉండాలి. భావకవిత్వం తెలియనివాడి చేతిలో అవి పెడితే మామూలు పద్యాల్లా కనబడతాయి. "కడుపుబ్బ నవ్వించే పేరడీలు" అని రాసి ఊరుకుంటే కొన్నవాడికి అన్యాయం. "మూలం తెలిసినవాళ్ళకు నవ్వాగదు" అంటే న్యాయం.

ఇక నామవాచకాలు. ఇక్కడ సైజు చూసుకోవాలి. చెణుకు ఒక్క వాక్యం పొడుగు. ఛలోక్తి కూడా అంతే, కాకపోతే దానికి ఎదుట ఒక మనిషి ఉండాలి. శ్లేష ఒక్క మాటలో ఉంటుంది. చమత్కారం మాటలోనూ ఉండొచ్చు, సన్నివేశంలోనూ ఉండొచ్చు. వేళాకోళం, పరాచికం చనువున్నవాళ్ళ మధ్య సాగేవి. బావామరదళ్ళ మధ్య, వియ్యాలవారి మధ్య, ఈడువాళ్ళ మధ్య. తెలంగాణలో మస్కిరి అన్నా దాదాపు ఇదే. వెటకారంలో కొంచెం కారం ఉంటుంది, గోదావరి జిల్లాల మాటకారితనానికి పెట్టింది పేరు. ఎత్తిపొడుపులో ముల్లు పైకే కనబడుతుంది. ఎద్దేవా, హేళన, ఎగతాళి దగ్గరికి వచ్చేసరికి అవతలివాడు నవ్వడం మానేశాడు. అధిక్షేపం అన్నది వీటన్నిటికీ పైన ఉండే ఉద్దేశం. సమాజాన్ని తప్పుపట్టడానికి నవ్వును వాడుకోవడం. మనకు అధిక్షేప శతకాలనే పెద్ద సంప్రదాయమే ఉంది. సెటైర్ అన్న మాట నోటికొచ్చినప్పుడల్లా ఒక్క క్షణం ఆగి, ఇది వెటకారమా, ఎత్తిపొడుపా, అధిక్షేపమా అని అడగండి. మూడుసార్లలో రెండుసార్లు ఇంకా మంచి మాట దొరుకుతుంది.

మనందరికీ తెలిసిన పుస్తకాల మీద ఇది పరీక్షించి చూద్దాం. మొక్కపాటి నరసింహశాస్త్రి గారి బారిస్టర్ పార్వతీశం తీసుకోండి. మొగల్తూరు కుర్రాడు బారిస్టరు చదవడానికి ఇంగ్లండు బయల్దేరతాడు, తన కథ తానే చెబుతాడు. ఈ పుస్తకం మీద "వ్యంగ్య నవల" అన్న ముద్ర ఎక్కడైనా కనబడితే అది పొరపాటు. అందులో ముల్లు లేదు. పార్వతీశానికి తాను తప్పు చేస్తున్నానని తెలియదు, చెబుతున్నప్పుడు మాత్రం దాచడు. ఆ అమాయకత్వం, దాచకపోవడం, రెండూ కలిస్తేనే ఆ నవ్వు. మనం అతన్ని చూసి నవ్వం, అతనితో కలిసి ప్రయాణం చేస్తూ నవ్వుతాం. "చూసి" అన్నది "కలిసి"గా మారడంలోనే ఆ పుస్తకం విలువంతా ఉంది. దాన్ని చెప్పడానికి "అమాయకత్వంతో నవ్వించే" అన్న రెండు మాటలు "హాస్యభరితం" కన్నా వెయ్యిరెట్లు మేలు.

కన్యాశుల్కం దీనికి అటు కొసన ఉంది. 1892లో మొదట ప్రదర్శించారు, 1897లో అచ్చయింది, 1909లో గురజాడ దాన్ని దాదాపు కొత్త నాటకంగా తిరగరాశారు. గిరీశం నోరు విప్పితే నవ్వు తప్పదు. కానీ ఆ నాటకంలో బేరం జరుగుతున్నది పసిపిల్లలకు. దానికి "నవ్వుల జల్లు" అని రాస్తే చదివినవాడు మోసపోతాడు. మన వాడుకలో ఒక మంచి మాట ఉంది, ఏడవలేక నవ్వడం అని. బ్లాక్ హ్యూమర్ అని ఇంగ్లీషులో అనే దాంట్లో చాలాభాగానికి ఇది సరిపోతుంది. కన్యాశుల్కానికి ఇది కూడా పూర్తిగా సరిపోదు. అందులో నవ్వొచ్చాక, ఎందుకు నవ్వామా అని ఉలిక్కిపడతాం. అలాంటప్పుడు ఒక్క మాటలో కుదించాలని పట్టుబట్టకుండా "నవ్వించి ఉలిక్కిపడేలా చేస్తుంది" అని వాక్యమే రాయండి.

మునిమాణిక్యం వారి కాంతం కథలకు భరతుడి మొదటి మెట్టు చాలు, స్మితం. ఇంట్లో భార్యాభర్తల మధ్య నడిచే నవ్వు. దానికి "పగలబడి" పెడితే చదివేవాడు పేజీ పేజీకీ పేలుడు కోసం ఎదురుచూసి నిరాశపడతాడు. ఇక ముళ్ళపూడి వెంకటరమణ బుడుగు విషయంలో బాపు బొమ్మల మాట ఎత్తకుండా నవ్వు గురించి రాస్తే సగమే రాసినట్టు. బొమ్మలున్న పుస్తకంలో నవ్వు వాక్యంలో పుట్టిందా, గీతలో పుట్టిందా, రెంటి మధ్య సందులో పుట్టిందా చూసి చెప్పాలి.

ఇప్పుడు ఎవరి మీద నవ్వు అన్న ప్రశ్న. దీన్ని దాటేసి రాసిన సమీక్ష నా లెక్కలో సమీక్ష కాదు. పాత హాస్యంలో నత్తి, చెవుడు, నల్లరంగు, లావు శరీరం, పనివాళ్ళ మాట తీరు, గయ్యాళి భార్య నవ్వుకు తేలిగ్గా దొరికే సరుకు. భరతుడి వ్యంగదర్శనం ఇంకా బతికే ఉంది. యాస సంగతి మరీ ముఖ్యం. ఉత్తరాంధ్ర యాసలోనో తెలంగాణ యాసలోనో రాసిన పుస్తకానికి "యాస చదువుతుంటేనే నవ్వొస్తుంది" అని రాసేవాళ్ళున్నారు. మన సినిమాలు దశాబ్దాల పాటు ఆ యాసలను కమెడియన్లకూ పనివాళ్ళకూ అంటగట్టిన ఫలితం ఇది. ఆ యాస ఎవరి తల్లి భాషో వాళ్ళకు అందులో నవ్వేమీ లేదు. నవ్వు ఆ యాసలో మాట్లాడే మనిషి తెలివిలో ఉంది, ఆ తెలివిని చూపించండి. పుస్తకం గొప్పగా నవ్వించి, అక్కడక్కడా నొప్పించేలా ఉంటే రెండూ రాయాలి: "నవ్వాగదు, కానీ నత్తి మీద వేసిన మాటలు ఇవాళ ముల్లులా గుచ్చుకుంటాయి" అని.

ఒక అట్ట వెనక మాటను బాగుచేసి చూద్దాం. ఏదో ఒక నవల అనుకోండి, పెళ్ళింట్లో మూడురోజుల గందరగోళం కథ. ఇలా ఉంది: "ఆద్యంతం కడుపుబ్బ నవ్వించే హాస్యభరితమైన నవల. ప్రతి ఒక్కరూ తప్పక చదవాలి." ఇందులో ఆద్యంతం కొట్టేశాం. హాస్యభరితం కొట్టేశాం, కడుపుబ్బ ఉండగా అది దండగ. ప్రతి ఒక్కరూ అన్నది ఎవరికీ చెప్పనట్టే, అదీ పోయింది. మిగిలింది "కడుపుబ్బ నవ్వించే నవల". మన చీటీ తీసి చూస్తే ‘కి’లూ ‘ఫ’లూ ఎక్కువ, ‘ఆ’లు మూడే మూడు, అన్నీ వంటవాడు వచ్చిన చోటే. అయితే ఇలా రాయొచ్చు: "మూడురోజుల పెళ్ళి. ముహూర్తానికి ముందే వంటవాడు అలిగాడు. పెళ్ళివారు వినకుండా ఆపుకునే నవ్వుతో మొదలై, వంటవాడు నోరు తెరిచినప్పుడల్లా నవ్వాగకుండా పోయే నవల." ఎక్కడ, ఎవరి వల్ల, ఎలాంటి నవ్వో అంతా అందులో ఉంది. వంటవాడు ఏమన్నాడో మాత్రం చెప్పలేదు, చెప్పకూడదు. సమీక్షలో వాక్యం ఉటంకించాలనుకుంటే ఒకటి, మహా అయితే రెండు. అదీ కథలో ముడి విప్పే జోకు కాకుండా, దారిలో దొర్లే చెణుకు ఎంచుకోండి. ఉటంకించాక "ఇక్కడ చమత్కారం ఏమిటంటే" అని వివరించొద్దు. వివరించామా, నవ్వు అక్కడే చచ్చిపోతుంది. వివరిస్తేగానీ అర్థం కానిదైతే ఆ వాక్యం ఎంపికే తప్పు, ఇంకొకటి చూడండి.

కామెడీ అన్న మాట గురించి రెండు ముక్కలు. వాడకూడదని అనను, అది తెలుగైపోయింది. కానీ అది సినిమా, టీవీ స్కిట్ల వాసన మోసుకొస్తుంది. "కామెడీ చేస్తున్నావా" అంటే వెక్కిరిస్తున్నావా అని కూడా. పుస్తకానికి వాడితే పాఠకుడు వరసగా పంచ్‌లు ఆశిస్తాడు. పుస్తకం అలాంటిదే అయితే హాయిగా వాడండి. నవ్వకుండా నవ్వించే రకం, అంటే గంభీరమైన ముఖంతో, ఆఫీసు ఫైలు చదివినట్టు చెబుతూ పోయే రచన అయితే వాడకండి. "నవ్వకుండా నవ్వించడం" అన్నదే దానికి చక్కటి తెలుగు పేరు.

చీటీ మీద ఒక ప్రశ్న వచ్చింది. "ఇంగ్లీషులో హిలేరియస్ అని ఒక్క మాటతో తేల్చేస్తారు. తెలుగులో అలాంటి ఒక్క మాట చెప్పండి." మంచి ప్రశ్న. ఆ ఇంగ్లీషు మాటకు మూలమైన గ్రీకు మాటకు ఉల్లాసం అని అర్థం. వాళ్ళది మనసు దగ్గర మొదలైన మాట. మన పెద్ద నవ్వుల మాటలేమో పొట్ట, పక్క, కళ్ళనీళ్ళ దగ్గర మొదలయ్యాయి. అందుకే ఒకదానికొకటి అచ్చంగా అతకవు. అయినా వార్తాపత్రికలో నలభై మాటల పరిచయం రాయాలి, చోటు లేదు, ఒక్క మాటే కావాలి అంటే "నవ్వాగని" అన్నది వాడండి. నవ్వాగని నవల, నవ్వాగని కథలు. పలకడానికి చిన్నది, ఇంకా అరిగిపోలేదు, పొట్ట బద్దలవడం లాంటి అతిశయం లేదు, తిట్టుగా ఒరిగే భయమూ లేదు. ఒక్క షరతు. మీ చీటీలో ‘ఆ’ అన్న గుర్తు కనీసం కొన్ని చోట్లయినా పడి ఉండాలి. లేకపోతే "నవ్వొచ్చే" అనండి, అదీ మంచి మాటే.

ఇంకో చీటీ. "పిల్లల పుస్తకాలకూ ఇవే మాటలా?" కాదు. పిల్లల నవ్వుకు ఉలికిపాటు, చప్పుడు, మళ్ళీ మళ్ళీ వచ్చే మాట ముఖ్యం. ముందు ఆ వయసు పిల్లలకు పైకి చదివి వినిపించండి, వాళ్ళు ఎక్కడ "మళ్ళీ చదువు" అన్నారో రాసుకోండి. సమీక్షలో "ఆరేళ్ళ పిల్లలు మళ్ళీ చదవమని అడుగుతారు" అని ఒక్క వాక్యం వేస్తే, కొనే అమ్మానాన్నలకు కిలకిల, పకపక అన్న మాటలకన్నా అదే ఎక్కువ ఉపయోగం. ఏ పేజీ దగ్గర అడిగారో కూడా రాయగలిగితే ఇంకా మంచిది.